ఫ్లెమెంకో గిటార్‌కి మొదటి పుస్తకం: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

స్పెయిన్ సంగీత శైలి ఫ్లెమెంకో నేర్పే పుస్తకం చేతికి రాగానే, అందులో సొలెయా అనే రూపం పాఠం తెరవండి. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు, వాటిలో 3, 6, 8, 10, 12 మీద ఒత్తు గుర్తులు, ఏ అంకె దగ్గర కార్డ్ మారుతుందో అక్కడ కనబడాలి. అవేవీ లేకుండా ఉత్త నొటేషన్, టాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో గీతల మీద అంకెలతో చూపే రాత) మాత్రమే ఉంటే అది ఎంత పేరున్న పుస్తకమైనా మొదటిదిగా కొనకండి.

కారణం ఉంది. సొలెయాను సాధారణంగా మూడేసి దెబ్బల చొప్పున నాలుగు గడులుగా అచ్చువేస్తారు. గడి మొదట్లో ఒత్తు పెట్టడం అలవాటున్నవాళ్లు 1, 4, 7, 10 మీద బలంగా కొడతారు. స్వరాలన్నీ సరిగ్గానే పడతాయి, కానీ వినబడేది సొలెయా కాదు, వాల్ట్జ్. అసలు ఒత్తుల్లో గడి మొదట్లో పడేది 10 ఒక్కటే. ఈ పన్నెండు దెబ్బల ఆవర్తాన్నే స్పానిష్‌లో కొంపాస్ అంటారు. ఇది చేతికి ఎక్కకుండా ఏ ఫల్సేతా, అంటే గిటార్ మీద వాయించే చిన్న స్వర వాక్యం, వాయించినా అది ముక్కగానే మిగిలిపోతుంది.

మృదంగం జతులు తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. 12తో మొదలుపెట్టి లెక్కిస్తే ఈ ఒత్తులు తకిట తకిట తక తక తక అవుతాయి. బులెరీయాస్ అనే మరో ఫ్లెమెంకో రూపాన్ని చాలామంది ఇలాగే 12 నుంచి లెక్కిస్తారు. అదే ఆవర్తాన్ని 8 దగ్గర మొదలుపెడితే తక తక తకిట తకిట తక, అంటే సిగిరీయా అనే ఇంకో రూపం. సొలెయాలో మాత్రం వాక్యం 1 దగ్గర మొదలవుతుంది, కాబట్టి జతిని అక్కడికి ఈడ్చుకురాకండి. ప్రాథమిక రూపంలో 3 మీద ఎఫ్ కార్డ్ గట్టిగా పడుతుంది, 10 మీద ఇ కార్డ్‌కి వచ్చి ఆగుతుంది. 12 మీద ఒత్తు ఉన్నా, వాక్యం ఆగాక వచ్చే 11, 12 నింపుడు దెబ్బలే. ఈ అంకెల్ని పెన్సిల్‌తో టాబ్ పైన రాసుకుని, మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, ముందు చప్పట్లతో, ఆ తర్వాతే గిటార్‌తో సాధన చేయాలి.

ఈ పరీక్షలో బాగా నిలబడింది హువాన్ మార్తిన్ రాసిన ‘ఎల్ ఆర్తె ఫ్లమెంకో దె లా గితార్రా’. 1978లో వచ్చింది. స్టాఫ్ నొటేషన్, టాబ్ రెండూ ఇస్తుంది. ముందు కొంపాస్, ఆ తర్వాత అదే కొంపాస్‌లో ఇమిడే చిన్న చిన్న ఫల్సేతాలు, వాటికి కావలసిన చేతి పని అక్కడికక్కడే. ఈ వరుసే దీని బలం. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి. మొదటి కొన్ని పాఠాలు దాటగానే కష్టం ఒక్కసారిగా పెరుగుతుంది. ఒక పాఠానికి వారం చాలదు, నెల పెట్టుకోండి. పాత ప్రతి కొంటే రికార్డింగ్ కూడా ఉందో లేదో అడగండి. అది లేకపోతే పుస్తకం విలువ సగమే.

గెర్‌హార్డ్ గ్రాఫ్-మార్టినెజ్ రెండు భాగాల పుస్తకం చేతి పనిని ఇంకా ఓపిగ్గా విడమరుస్తుంది. రస్‌గేయాదో, అంటే వేళ్లను ఒకదాని వెంట ఒకటి తీగల మీద విసరడం, దగ్గర ఆగిపోయినవాళ్లకి మొదటి భాగం బాగా పనికొస్తుంది. ఒక్కటే కొనాలంటే మాత్రం నా ఓటు మార్తిన్‌కే. పెద్ద కళాకారుల సోలోల సంపుటాలు నేర్పే పుస్తకాలు కావు. వాటిని రెండో ఏడాదికి వదిలేయండి.

ఏ పుస్తకంలోనైనా మొదట బోల్తా కొట్టించేది బాణం గుర్తు. టాబ్‌లో లావు తీగ అడుగు గీత. కాబట్టి కాగితం మీద పైకి చూపే బాణం లావు తీగ నుంచి సన్న తీగ వైపు కొట్టమని చెబుతుంది, అంటే చెయ్యి నేల వైపు కదలాలి. దీన్ని తిరగేసి నేర్చుకుంటే రస్‌గేయాదో మొత్తం తలకిందులవుతుంది, దిద్దుకోవడానికి నెలలు పడుతుంది. చిటికెన వేలికి కూడా అన్ని పుస్తకాల్లో ఒకే అక్షరం ఉండదు. ఒకచోట ఇ, ఒకచోట సి, మరోచోట ఎక్స్. గుర్తుల పట్టికను ముందే చదివి పెట్టుకోండి. సెహీయా, అంటే కాపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు), బిగించినప్పుడు దాన్నే సున్నాగా లెక్కించి అంకెలు వేస్తారు. రికార్డింగ్‌తో శ్రుతి కలవకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే.

రస్‌గేయాదోలో పుస్తకం వినిపించలేని తప్పు ఒకటుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు నీరసంగా తగిలి, నడిమి వేలు, చూపుడు వేలు మాత్రమే మోగుతాయి. నాలుగు దెబ్బలు రెండుగా వినబడతాయి. బొటనవేలిని ఆరో తీగ మీద ఆనించి, మెట్రోనోమ్ ఒక్కో దెబ్బకి ఒక్కో వేలే విసరండి. నాలుగూ సమానంగా మోగేదాకా వేగం పెంచొద్దు.

ఎఫ్ కార్డ్‌ని పూర్తి బారేగా, అంటే ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి, మాత్రమే చూపే పుస్తకాన్ని కూడా పక్కన పెట్టొచ్చు. ఫ్లెమెంకోలో తరచుగా మొదటి తీగను నొక్కకుండా తెరిచే ఉంచుతారు. ఆ ఒరిపిడిలోనే రుచి ఉంది. మన చెవికి ఇదేమీ కొత్త కాదు. ఇ మీద సాగే ఈ స్వరాల వరుస హనుమతోడిది, ఇ కార్డ్‌లో అంతర గాంధారం చేరినప్పుడు వకుళాభరణం.

గోల్పె, అంటే గిటార్ పలక మీద వేలితో కొట్టే దెబ్బ, పాఠం మొదలుపెట్టేముందు గిటార్ ముందుపలక చూసుకోండి. మామూలు క్లాసికల్ గిటార్‌కి గోల్పెయాదోర్, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు, ఉండదు. గోటి దెబ్బలకి పాలిష్ లేచిపోయి, కొన్నాళ్లకి చెక్క గుంటలు పడుతుంది. రేకు అంటించేదాకా ఆ గుర్తున్న చోట ఉత్త దెబ్బను మనసులో లెక్కించుకుని ముందుకు పొండి.

అతుకు బైండింగ్ పుస్తకాలు స్టాండ్ మీద తెరిచి నిలబడవు. జిరాక్స్ షాపులో వెన్ను కోయించి స్పైరల్ వేయించండి. సొలెయా పేజీలు ముందుగా నలుగుతాయి, వాటి అంచులకి టేపు వేయించుకోండి.