సిమ్యులేటర్‌లో గ్లాడియేటర్: మూడేళ్లు నడిపాక

మూడేళ్లుగా ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎక్కువగా నడిపింది ఈ విమానాన్నే. స్పిట్‌ఫైర్, హరికేన్ రెండూ ఉన్నా, కూర్చోగానే చెయ్యి గ్లోస్టర్ గ్లాడియేటర్ అనే పాత బ్రిటిష్ ఫైటర్ మీదికే పోతుంది.

1937లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరేనాటికే దాని కాలం అయిపోవచ్చింది. రెండు వరసల రెక్కలు, మధ్యలో తీగలు, ముడుచుకోని చక్రాలు. గంటకు సుమారు 410 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109 ఏకంగా 550 దాటుతోంది.

నాకు బాగా పట్టుబడింది మాల్టా మిషన్. 1940 జూన్ 11న ఇటలీ బాంబర్లు ఆ దీవి మీదికి వచ్చినప్పుడు హాల్ ఫార్ స్థావరంలో ఉన్న ఫైటర్లు కొద్దిపాటి సీ గ్లాడియేటర్లే (గ్లాడియేటర్‌కు నౌకాదళం రూపం). మొదట్లో నేను ఆ ఇటలీ సావోయా బాంబర్ల వెనకపడేవాణ్ణి. ఎంత థ్రాటిల్ ఇచ్చినా అవి కళ్లముందే చుక్కలైపోయేవి, ఎందుకంటే ఆ బాంబర్లే దీనికంటే వేగం. నెల రోజులకు గానీ తెలిసిరాలేదు: అలర్ట్ రాగానే పైపైకి ఎక్కాలి, వాళ్లకంటే ఎత్తునుంచి దూకాలి. జార్జ్ బర్జెస్ లాంటి అసలు పైలట్లకు ఉన్న దారీ అదే. ఆ మాల్టా గ్లాడియేటర్లకు ఫెయిత్, హోప్, చారిటీ అన్న పేర్లు తర్వాత వచ్చినవి. ఫెయిత్ రెక్కల్లేని దేహం ఇప్పటికీ మాల్టా రాజధాని వాలెట్టాలోని వార్ మ్యూజియంలో ఉంది. ఎప్పటికైనా వెళ్లి చూడాలి.

ఇటలీ ఫైటర్ సీఆర్ 42తో తిరుగుడు పోరు వేరే సంగతి. అదీ రెండు వరసల రెక్కలదే, సరిజోడు. గ్లాడియేటర్‌ను బిగించి తిప్పితే పై రెక్క సరిగ్గా శత్రువు ఉండాల్సిన చోటే అడ్డం వస్తుంది. రెండు మూడు క్షణాలు ఏమీ కనబడదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు. ఈజిప్టులో, గ్రీసులో బ్రిటిష్ 80వ స్క్వాడ్రన్ పైలట్ పాట్ పాటిల్ ఇందులోనే వరసగా విమానాలు కూల్చాడంటే దండం పెట్టాలనిపిస్తుంది.

నాకున్న అసంతృప్తి నార్వే మిషన్ గురించే. 1940 ఏప్రిల్ 24న 18 గ్లాడియేటర్లు గ్లోరియస్ అనే విమానవాహక నౌక నుంచి ఎగిరి, గడ్డకట్టిన లెస్యాస్కోగ్ సరస్సు మీద దిగాయి. తెల్లారేసరికి కార్బురేటర్లు బిగుసుకుపోయాయి, దగ్గర సిబ్బందీ తక్కువే. ఆ రోజే జర్మన్ బాంబర్లు చాలావాటిని మంచు మీదే ముక్కలు చేశాయి. సిమ్యులేటర్‌లో మాత్రం ఒక్క బటన్ నొక్కితే ఇంజన్ అందుకుంటుంది. తయారుచేసినవాళ్లు తర్వాతి అప్‌డేట్‌లో ఆ చలిని కూడా పెట్టాలి. ఎన్నిసార్లు నొక్కినా ఇంజన్ కదలక, పైన బాంబర్ల మోత దగ్గరవుతుండగా అక్కడ కూర్చోవాలని ఉంది నాకు.