యూట్యూబ్ స్టూడియోలో యాడ్ తనిఖీ, పసుపు డాలర్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

అప్‌లోడ్ చేసిన వీడియో ప్రకటనలకి తగినదా కాదా అని యూట్యూబ్ చూసేదే యాడ్ అనుకూలత తనిఖీ. తగినదైతే వీడియో పక్కన ఆకుపచ్చ డాలర్ గుర్తు పడుతుంది, చాలామంది ప్రకటనదారులకి తగదనిపిస్తే పసుపు. వీడియో బయటికి వదలకముందు వాడుకుంటే ఇది మంచి పనిముట్టు. వదిలేశాక దీనితో దక్కేది తక్కువ. యాడ్ అనుకూలత తనిఖీకి 5కి 4 ఇవ్వొచ్చు, పసుపు గుర్తు పడ్డాక మనిషి చేత మళ్లీ చూపించమని అడిగే మాన్యువల్ రివ్యూకి 2 చాలు. రివ్యూ చేసేవాళ్ల తీర్పు తప్పని కాదు, అది వచ్చేసరికి జరిగిపోయే ఆలస్యానికే ఆ కోత.

ఈ ఏర్పాటు ఎవరి కోసం పుట్టిందో గుర్తుంటే దీని తీరు సులువుగా అర్థమవుతుంది. తీవ్రవాద వీడియోల పక్కన తమ ప్రకటనలు వస్తున్నాయని తెలిసి 2017 మార్చిలో ఏటీ అండ్ టీ, జాన్సన్ అండ్ జాన్సన్ లాంటి పెద్ద కంపెనీలు యాడ్స్ ఆపేశాయి. పసుపు డాలర్ వచ్చింది ఆ ఏడాదే. అంటే ఇది ప్రకటనదారుకి భరోసా ఇవ్వడానికి కట్టిన కంచె. మన వీడియో మంచిదా చెడ్డదా అన్నది దానికి పట్టదు.

పసుపు పడితే ఆదాయం సున్నా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా కాదు. తమ యాడ్ ఎలాంటి వీడియోల మీద రావచ్చో ప్రకటనదారులు ముందే ఎంచుకుంటారు. సున్నితమైన విషయాలున్నా పర్వాలేదనేవాళ్లు కొద్దిమందే. యాడ్ చోటు కోసం జరిగే వేలంలో పసుపు వీడియోకి పోటీ పడేది ఆ కొద్దిమందే కాబట్టి ఆర్‌పీఎం, అంటే వెయ్యి వ్యూస్‌కి మనకొచ్చే రాబడి, పడిపోతుంది. యాడ్స్ లేకుండా చూసే యూట్యూబ్ ప్రీమియం చందాదారుల నుంచి వచ్చే వాటా మాత్రం ఎప్పటిలాగే వస్తుంది.

ఇక వాడే పద్ధతి. పబ్లిష్ చేయాల్సిన సమయానికి కనీసం ఒక రోజు ముందే ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేయాలి. అప్పుడు వీడియోలో ఏమేం ఉన్నాయో అడిగే ప్రశ్నపత్రం వస్తుంది. అందులో బూతులు, హింస, అడల్ట్ విషయాలు, మత్తుపదార్థాలు, ఆయుధాలు, వివాదాస్పద అంశాలు, సున్నితమైన సంఘటనలు వంటి విభాగాలు వరుసగా వస్తాయి. తొందరలో ‘ఇవేవీ లేవు’ అని ఒక్క టిక్కుతో దాటేయడం అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. మన జవాబుల్ని సిస్టమ్ తన అంచనాతోనూ, మనుషులు చేసిన రివ్యూలతోనూ పోల్చి చూస్తుంది. అవి నిలకడగా కలుస్తుంటే మన మాటకు విలువ పెరుగుతుంది, పదేపదే తేడా వస్తే సిస్టమ్ తన లెక్కే చూసుకుంటుంది. స్వల్పంగా ఉన్నదాన్ని స్వల్పంగా ఉందని టిక్ చేస్తే చాలాసార్లు ఆకుపచ్చే వస్తుంది. ఇంకో మాట, ఆ ప్రశ్నలు వీడియోకి మాత్రమే కాదు, టైటిల్‌కీ థంబ్‌నెయిల్‌కీ కూడా వర్తిస్తాయి.

తనిఖీలో పసుపు వస్తే వెంటనే రివ్యూ బటన్ నొక్కొద్దు. మనిషి చూసి ఇచ్చిన తీర్పే ఆఖరు, మళ్లీ అడిగే వీలుండదు. అందుకే మార్పులు ముందు, రివ్యూ తర్వాత. మొదట థంబ్‌నెయిల్, టైటిల్ మార్చండి, అవి నిమిషాల్లో అయిపోతాయి. రక్తం, తుపాకీ, ‘హత్య’ లాంటి మాట ముఖచిత్రం మీదే ఉంటే లోపలి వివరణ ఎంత పద్ధతిగా ఉన్నా పెద్దగా కలిసిరాదు. ఆ తర్వాత చూడాల్సింది వీడియో లోపలి భాగం. కారణంగా చాలాసార్లు విభాగం పేరే కనిపిస్తుంది, ఏ నిమిషంలో ఉందో మనమే వెతుక్కోవాలి. దొరికిన ముక్కని స్టూడియో ఎడిటర్‌లోనే కత్తిరించవచ్చు. లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. కాకపోతే పొడవైన వీడియో మళ్లీ ప్రాసెస్ కావడానికి గంటలు పట్టవచ్చు, 6 గంటలు దాటినవాటిని అసలు సేవ్ చేయనివ్వదు.

బూతుల విషయంలో పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. 2022 నవంబర్‌లో నియమం బిగించారు, 2023 మార్చిలో కొంత సడలించారు. 2025 జులై నుంచి మొదటి 7 సెకన్లలో గట్టి తిట్టు వచ్చినా పూర్తి యాడ్స్‌కి అర్హత ఉంటుంది. టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో ఉంటే మాత్రం కుదరదు. వీడియో పొడుగునా దొర్లినా కుదరదు. కాబట్టి ఆరంభంలో బీప్ వేయడానికి పడే శ్రమ టైటిల్ మీద పెట్టడం మేలు.

రివ్యూకి 7 రోజుల దాకా పట్టవచ్చు. వార్తల లాంటి వీడియోకి వ్యూస్‌లో అధికభాగం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. తర్వాత ఆకుపచ్చ అయినా, పసుపులో ఉండగా పోయిన డబ్బు తిరిగి రాదు. నేరం, యుద్ధం, ఆత్మహత్య లాంటి విషయాల మీద చేసిన వీడియో, తొందర లేనిదైతే, ప్రైవేట్‌లో ఉంచే రివ్యూ అడిగి ఫలితం వచ్చాక వదలడమే లాభం. రోజువారీ వార్తలకి ఈ దారి పనికిరాదు. అలాంటి ఛానెల్ మెంబర్‌షిప్‌ల మీద, అంటే ప్రేక్షకులు నెలనెలా కట్టే చందా మీద, ఆనుకోవాల్సిందే. మెంబర్‌షిప్ డబ్బులో క్రియేటర్ వాటా 70 శాతం, యాడ్స్‌లో 55 శాతం.

మన వీడియోలో తమ పాటో దృశ్యమో ఉందని హక్కుదారు పెట్టే కాపీరైట్ క్లెయిమ్ వేరే వ్యవహారం, పసుపుతో కలిపి చూడకూడదు. అక్కడ గడువే కీలకం. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ చేస్తే, అంటే అది తప్పని అభ్యంతరం చెబితే, మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బు పక్కన పెడతారు, గెలిచినవాళ్లకి ఇస్తారు. ఆలస్యమైతే డిస్ప్యూట్ చేసిన రోజు నుంచే లెక్క.

ఆదాయం పడిపోయిన ప్రతిసారీ పసుపుని అనుమానించనక్కర్లేదు. డిసెంబర్‌లో పెరిగిన యాడ్ రేట్లు జనవరిలో పడిపోవడం మామూలే. షార్ట్స్ వ్యూస్ ఎక్కువైతే ఛానెల్ మొత్తం ఆర్‌పీఎం పల్చబడుతుంది. అందుకే అనలిటిక్స్‌లో ఛానెల్ మొత్తం అంకె చూడకుండా వీడియో వారీగా విడదీసి చూడాలి.

అన్నీ ఆకుపచ్చగా ఉండి ఒకటి రెండు వీడియోలకే రాబడి తగ్గితే ‘పిల్లల కోసం’ అన్న టిక్కు చూడండి. 2020 జనవరి నుంచి అలాంటి వీడియోలకి చూసేవారి అలవాట్లని బట్టి ఎంచి చూపే యాడ్స్ రావు, కామెంట్లూ ఉండవు. పొరపాటున పడ్డ ఆ టిక్కు డాలర్ గుర్తు రంగులో బయటపడదు. కంటెంట్ పేజీలో దానికో ఫిల్టర్ ఉంది, అది పెట్టి చూస్తే జాబితా వెంటనే వస్తుంది.