ఉప్పుగాలికి లొంగని స్ట్రింగ్స్: బేస్ గిటార్ మీద ఫ్లాట్‌వౌండ్లతో ఐదారేళ్లు

బేస్ గిటార్ వాయించేవాళ్లలో పొడి చేతులవాళ్లుంటారు, చెమట చేతులవాళ్లుంటారు. నేను రెండో బాపతు. పైగా ఉండేది కాకినాడలో. మే నెల ఉక్క, ఏసీ లేని కల్యాణ మండపం, మొహం మీదకే కొట్టే స్టేజీ లైట్లు. వీటి మధ్య మామూలు రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ ఎంతకాలం బతుకుతాయో నన్నడగండి. కొత్త సెట్టు ఎక్కించిన రోజు పియానోలో ఎడమచేతి మెట్లు నొక్కినట్టు గణగణ మోగుతాయి. నాలుగు ముహూర్తాలు తిరిగేసరికి ఆ గణగణ పోయి బుస్సుమంటాయి. శ్రావణం దాటేసరికి వేళ్లకు నల్లటి మరక, కేసులోంచి తుప్పు వాసన.

కారణం వింతేమీ కాదు. రౌండ్‌వౌండ్ అంటే మధ్యలో ఉక్కు తీగ, దాని చుట్టూ గుండ్రటి తీగ చుట్టిన చుట్ట. ఆ చుట్టకీ చుట్టకీ మధ్య సందులుంటాయి. చెమట, జిడ్డు, చేతి మట్టి, మావైపు గాలిలో ఉండే ఉప్పు అన్నీ చేరి ఆ సందుల్లోనే కాపురం పెడతాయి. విప్పి నీళ్లలో మరగబెడితే కొంచెం మురికి వదిలి, రెండు మూడు ప్రోగ్రాంలదాకా మళ్లీ మోగుతాయి. ఈ చిట్కా చాలామందికి తెలుసు. మా ఇంట్లో దానికోసం ఒక గిన్నె విడిగా ఉండేది, దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. పైపూత ఉన్న స్ట్రింగ్స్ కూడా వాడి చూశాను. చెమటకి అవి కొంత ఆగాయిగానీ, నా వేళ్ల కింద ఆ పూత పోగులు పోగులుగా లేచింది. డబ్బు పోతే పోయింది, చేతికింద ఆ నూగు నాకు సహించలేదు.

ఆ విసుగులోంచే ఫ్లాట్‌వౌండ్లకి వచ్చాను. ఇది ఒక కంపెనీ మీద సమీక్ష కాదు, ఆ జాతి స్ట్రింగ్స్ మీద. నావి 45 నుంచి 105 గేజి (అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన మందం), స్టెయిన్‌లెస్ స్టీలు, నాలుగు స్ట్రింగుల పాసివ్ బేస్ మీద, అంటే లోపల బ్యాటరీ లేనిది. వీటికి పైచుట్టు గుండ్రటి తీగతో ఉండదు, చదునైన రిబ్బనుతో ఉంటుంది. అంచుకి అంచు ఆనుకుని పాలిష్ పెట్టినట్టుంటుంది. మురికి చేరడానికి జాగా తక్కువ. అదే వీటి రహస్యమంతా.

ఇవేమీ కొత్తవి కావు. 1960ల మధ్యదాకా బేస్ గిటార్ల మీద ఎక్కువగా ఉండేవి ఇవే. ది హూ బ్యాండులో జాన్ ఎంట్‌విసిల్ లాంటివాళ్లకి మెరుపు కావాల్సి వచ్చి, రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని రౌండ్‌వౌండ్లు చేయించుకున్నాక లోకం అటు తిరిగింది. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం తన 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ మీద లాబెల్లా వారి లావుపాటి ఫ్లాట్‌వౌండ్లు వేసుకుని, తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో వాయిస్తూ. ఆ కథ చదివినప్పుడు నాకొచ్చిన అనుమానం ఒకటే. ఆయనకేం, డెట్రాయిట్ చలి. మన తడికి అవి నిలుస్తాయా?

నిలిచాయి. ఐదారేళ్లు దాటినా అదే సెట్టు. ప్రోగ్రాం అవగానే పొడిగుడ్డతో ఒకసారి తుడవడం తప్ప నేను వాటికి చేసిన సేవ లేదు. తుప్పు లేదు, వేళ్లకి నలుపు లేదు. ఇంకో సంగతి నేను ముందు ఊహించలేదు. మొదటి నెలల్లో కాస్త బిర్రుగా, కొత్త చెప్పుల్లా కరిచేవి. వాయించేకొద్దీ టోన్ దిగి, దిగి, ఒక దగ్గర కుదురుకుంది. పాతబడితే బాగుపడే స్ట్రింగ్స్ ఉంటాయంటే రౌండ్‌వౌండ్ల మీద బతికినవాడు నమ్మడు.

మాది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. కీబోర్డు, తబలా, డోలక్, రిథమ్ ప్యాడ్, నేను, ఇద్దరు ముగ్గురు గాయకులు. రాత్రంతా ఎనభైల నాటి మెలోడీలే ఎక్కువ అడుగుతారు. ఆ పాటల్లో బేస్ అంటే వెనకాల గుడుగుడు కాదు, పల్లవి పక్కనే నడిచే రెండో గొంతు. పైకి జారాలి, కిందికి జారాలి. రౌండ్‌వౌండ్ల మీద జారినప్పుడల్లా వేలి కింద జర్రుమని గీరిన చప్పుడు మైకులోకి వచ్చేది. ఫ్లాట్‌వౌండ్ల మీద ఆ గీర లేదు, స్వరం మాత్రమే జారుతుంది. ఇంకో లాభం, నోటు నిండుగా లేచి తొందరగా తగ్గుతుంది. డోలక్ దెబ్బకి చోటు మిగులుతుంది. మా తబలా ఆయన పెద్దమనిషి, మెచ్చుకోలు అంత తేలిగ్గా ఇచ్చే రకం కాదు. ఒక రాత్రి సర్దుకుంటూ, "ఏం గురూ, ఈమధ్య నీ వాయిద్యం గోల వినపడ్డం లేదుగానీ, పాటకి అడుగు మాత్రం గట్టిగా ఉంటందండి, ఆయ్" అన్నాడు. ఫ్లాట్‌వౌండ్లకి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ నేనివ్వలేను.

ఇప్పుడు అసలు కథ. వీటితో వచ్చిన చిక్కు తుప్పులో లేదు, లాగుడులో ఉంది. మామూలు బేస్ సెట్టే నాలుగు స్ట్రింగులూ కలిసి దాదాపు 80 కిలోల బలంతో నెక్‌ని, అంటే మెడకర్రని, లాగుతాయి. ఫ్లాట్‌వౌండ్లు చాలావరకు అంతకంటే బిర్రు. తక్కువ లాగుడువీ ఉన్నాయిగానీ, నాకు దొరికినవి బిర్రువి. ఎక్కించిన కొత్తలో విశాఖపట్నంలో ఒక టెక్నీషియన్ దగ్గర ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల పట్టి ఉంచే ఉక్కు కడ్డీ) బిగించి, యాక్షన్, అంటే స్ట్రింగ్స్ ఎత్తు, సరిచేయించుకున్నాను. మొదటి ఏడాది ఏ గొడవా లేదు.

తర్వాతి శ్రావణం బాగా తడి. వారమంతా ముసురు, వరసగా ముహూర్తాలు. కోనసీమలో ఒక రిసెప్షన్, చుట్టూ కొబ్బరితోటలు, షామియానా మీద టపటపా వాన. రెండో పాటకే నా ఎడమచేయి నొప్పెట్టడం మొదలుపెట్టింది. చూస్తే ఐదో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) నుంచి పన్నెండోదాకా స్ట్రింగ్స్ లేచి నిలబడ్డాయి. చెక్క తడి పీల్చింది, స్ట్రింగ్స్ లాగాయి, నెక్ విల్లులా వంగింది. అంత ఎత్తునుంచి నొక్కితే స్ట్రింగు సాగి స్వరం పైకెక్కుతుంది. ట్యూనర్‌లో ఖాళీ స్ట్రింగ్ సరిగ్గానే చూపిస్తుంది, నొక్కిన నోటు మాత్రం అపస్వరం. కీబోర్డు తమ్ముడు తల తిప్పకుండానే, "అన్నయ్యా, ఎక్కుతుంది, ఎక్కుతుంది" అంటున్నాడు. గాయని ఒకసారి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మిగతా రాత్రంతా మొదటి నాలుగు ఫ్రెట్లలోనే, ఖాళీ స్ట్రింగుల సాయంతో నెట్టుకొచ్చాను. పైనుంచి జారే సోకులన్నీ బంద్. పెళ్లివారికి తేడా తెలియలేదు, భోజనాల దగ్గర మెచ్చుకున్నారు కూడా. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మర్నాడు అలెన్ కీ పెట్టి ట్రస్ రాడ్ తిప్పబోతే తిరగదు. రాడ్ మీద మర ఆఖరిదాకా వచ్చేసింది, నట్టు ఇక ముందుకెళ్లదు. ఫ్లాట్‌వౌండ్లు వేసేముందు ఎవరూ చెప్పని సంగతి ఇది. మన బేస్‌లో ట్రస్ రాడ్‌కి ఇంకా ఎంత తిప్పుడు మిగిలిందో ముందే చూసుకోవాలి. మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ రెండూ ఒకేసారి నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగు కింద విజిటింగ్ కార్డు సరిగ్గా దూరితే చాలు. నాదాంట్లో ఆరోజు కార్డుల కట్టే దూరేది.

ఆ రోజుల్లోనే విజయనగరం వైపు బంధువుల పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. బేస్ కూడా కారులో వేసుకున్నాను, దారిలో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఆగుదామని. అక్కడ తరతరాలుగా పనస దుంగలోంచి వీణలు తొలుస్తారు. బేస్ గిటార్‌తో వాళ్లకేం పని అని మీరనొచ్చు. వంగిన చెక్కని చూడ్డంలో వాళ్ల కన్ను ముందు మన ట్యూనర్లు బలాదూర్. ఒక పెద్దాయన బేస్‌ని తల దగ్గర పట్టుకుని, ఒక కన్ను మూసి, బ్రిడ్జ్ వైపు చూశారు. "తీగలు బరువెక్కువయ్యాయి బాబూ, దండి ఓర్చుకోలేకపోతంది. తీగలన్నా తగ్గించు, కర్రకన్నా బలం పెట్టు" అన్నారు. అంతకుమించి ఆయన చేయగలిగింది లేదు, నేను అడగనూ లేదు. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి, తేడా వస్తే కరిగించి మళ్లీ మేళం కట్టుకోవచ్చు. మన ఫ్రెట్లు చెక్కలో దిగేసినవి, వాటిని కదిపే వీల్లేదు. ఆ కాసేపట్లో నాకు వీణ మీద ఈర్ష్య కలిగింది.

తీగలు తగ్గించడం నాకిష్టం లేదు. పైగా ఫ్లాట్‌వౌండ్లని పూర్తిగా విప్పి మళ్లీ చుట్టడం మంచిది కాదు. కీల దగ్గర మడత పడినచోట పైరిబ్బను విచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకని విశాఖలో అదే టెక్నీషియన్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆయన స్ట్రింగ్స్ వదులు చేశాడేగానీ తీయలేదు. నెక్‌ని ఒక గట్టి కర్రదూలానికి ఆనించి, క్లాంపులతో కొద్దిగా వెనక్కి వంచి పట్టాడు. ట్రస్ రాడ్ నట్టు ఊడదీసి, దానికింద పల్చటి వాషర్లు వేసి మళ్లీ బిగించాడు. వాషర్ల మందమంత మేర నట్టుకి కొత్తగా మర దొరికినట్టయింది. రాత్రంతా అలాగే క్లాంపుల్లో ఉంచి, పొద్దున్న ట్యూన్ చేసి ఇచ్చాడు. ఇంత చిన్న పనికి అంత పెద్ద ఫలితం వస్తుందని నేననుకోలేదు. అప్పట్నుంచి నెక్ మళ్లీ మొరాయించలేదు. ఐనా వానాకాలంలో ప్రోగ్రాం లేని వారాల్లో కీలలు కొంచెం వదులు చేసే పెడుతున్నాను. దీన్ని కొందరు తప్పంటారు. నా నెక్, నా భయం.

టోన్ గురించి పైన అంత మురిసిపోయానుగా, కొన్ని చోట్ల ఆ మురిపెం సాగదు. మండపం లోపల, చిన్న స్పీకర్ల మీద ఫ్లాట్‌వౌండ్ బ్రహ్మాండం. ఆరుబయట, డీజే కోసం పేర్చిన సబ్‌వూఫర్ల మీద పడితే వేరే కథ. నాలుగో స్ట్రింగు ఖాళీగా మోగితే 41 హెర్ట్జ్. దానిమీద రావాల్సిన పై స్వరాలే మనకి నోటుని గుర్తుపట్టేలా చేస్తాయి, ఫ్లాట్‌వౌండ్లలో అవి తక్కువ. దాంతో నేల అదురుతుందిగానీ ఏ నోటో ఎవరికీ తెలియదు. ఇప్పుడు సౌండ్ ఆయన దగ్గరికి ముందే వెళ్లి, కింద 60 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంచెం కోసి, 700, 800 దగ్గర కొంచెం లేపమని బతిమాలుకుంటాను. చేస్తే సరే. "బేస్ అంటే కిందేగా అన్నా ఉండాల్సింది" అనే కుర్రాడు తగిలితే ఆ రాత్రికి నాకు నేనే వినపడను.

కొత్త పాటల విషయానికొస్తే, స్లాప్ కొట్టాల్సినవి, సింథ్ బేస్‌లా మెరవాల్సినవి దీనిమీద పలకవు. బొటనవేలితో ఎంత కొట్టినా దిండుని కొట్టినట్టే. సంగీత్ ప్రోగ్రాంలు పెరిగాక ఇలాంటి పాటలూ పెరిగాయి. వాటిల్లో బేస్ లైను కీబోర్డు తమ్ముడి ఎడమచేతికి వదిలేసి, నేను వెనక్కి తగ్గుతున్నాను. ఈ సర్దుబాటు మా జట్టులో కుదిరింది. మీ కీబోర్డు ఆయన ఊరుకోకపోవచ్చు.

ఇక "జన్మలో మార్చక్కర్లేదు" అని కొత్తలో కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఈమధ్య అంత గట్టిగా అనడం లేదు. సన్నటి స్ట్రింగు, అంటే మొదటిది, ఫ్రెట్లు తగిలేచోట కిందివైపు చిన్న చిన్న నొక్కులు పడింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం వెంట్రుకవాసి తేడా కొడుతోంది, బ్రిడ్జ్ మీద స్ట్రింగు ఆనే శాడిల్ ఎంత జరిపినా పూర్తిగా కుదరడం లేదు. లావువి మూడూ మాత్రం రాయిలా ఉన్నాయి.

ధర మామూలు సెట్టుకి రెండింతలు పైనే. మా ఊళ్లో షాపులో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. నాకైతే ఎప్పుడో గిట్టుబాటయింది, ఎందుకంటే మరగబెట్టిన సెట్లు, పారేసిన సెట్లు లెక్కేస్తే అంతకు ఎన్నో రెట్లు. కానీ నాకు పగలు ఉద్యోగం, రాత్రి పెళ్లి పాటలు, చెమట చేతులు, సముద్రం పక్క ఇల్లు. హైదరాబాద్‌లో ఏసీ హాల్లో రాక్ బ్యాండుతో వాయించే కుర్రాడికి ఇవి నచ్చకపోవచ్చు, వాడి నెక్‌కి అసలే పడకపోవచ్చు. ఇంట్లో రెండో బేస్ ఉంటే దానిమీద వేసి చూడమంటాను. ఒక్కటే ఉంటే ముందు ట్రస్ రాడ్ చూపించుకుని, తక్కువ లాగుడు సెట్టు వెతుక్కోమంటాను.

నేను మాత్రం ప్రస్తుతం మొదటి స్ట్రింగు ఒక్కటి విడిగా అమ్మేవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూస్తున్నాను. దొరికినా కొత్తది ఒకటీ పాతవి మూడూ ఎంతకాలం పొంతన కుదరక పోట్లాడుకుంటాయో తెలియదు. మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోగా తేల్చుకోవాలి.