సైట్, మెయిల్ కలిపి ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు డీఎన్‌ఎస్ సంగతి తేల్చుకోండి

"డొమైన్, సైట్, మెయిల్ అన్నీ మేమే సెట్ చేసి ఇస్తాం, మీరేం ముట్టుకోనక్కర్లేదు" అనే ప్యాకేజీ తీసుకుని నానా తిప్పలు పడ్డాను. తప్పంతా డీఎన్‌ఎస్‌లో, అంటే మన డొమైన్ పేరుకి సైట్ ఎక్కడుందో, మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే రికార్డుల్లో. పేరు రాయను, ఇలా చేసేది వీళ్లొక్కరే కాదు కూడా.

సైట్ బ్రహ్మాండంగా ఓపెన్ అవుతుంది. మెయిల్స్ మాత్రం కొన్ని వస్తాయి, కొన్ని రావు. ఒకే మనిషి పొద్దున పంపింది వస్తుంది, సాయంత్రం పంపింది "అలాంటి అడ్రస్ లేదు" అని వెనక్కి పోతుంది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే ఒకటే పాట, స్పామ్‌లో చూడండి, పంపినవాళ్ల వైపే సమస్య అని.

అసలు విషయమేంటంటే, ముందు www లాంటిదేమీ లేని ఉత్త డొమైన్ పేరు మీదే సీనేమ్ అనే రికార్డు పెట్టేశారు, పక్కనే ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే రికార్డు) కూడా. సీనేమ్ అంటే "ఈ పేరు గురించి ఏది కావాలన్నా ఫలానా పేరు దగ్గర అడగండి" అని చెప్పడం, అది సైట్‌కే కాదు, మెయిల్‌కీ వర్తిస్తుంది. అందుకే సీనేమ్ ఉన్న పేరు మీద వేరే రికార్డులు ఉండకూడదని 1987 నాటి డీఎన్‌ఎస్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1034లోనే రాసి ఉంది. పంపేవాళ్ల వైపు క్యాష్‌లో, అంటే ముందే అడిగి దాచుకున్న జవాబుల్లో, మన ఎంఎక్స్ ఉంటే మెయిల్ మనకి చేరుతుంది, సీనేమ్ ఉంటే హోస్టింగ్ వాళ్ల సర్వర్‌కి పోతుంది, అక్కడ మనమెవరో వాళ్లకి తెలీదు. ఎప్పుడు ఏది జరుగుతుందో చెప్పలేం, అదే టెన్షన్. పూర్తిగా ఆగిపోయినా నయం, మొదటి రోజే తెలిసేది.

ఇది చాలదన్నట్టు ఎస్‌పీఎఫ్ (మన పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పేది) రికార్డులు రెండు పెట్టారు. ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి, రెండుంటే చెక్ చేసే సర్వర్ దాన్ని ఎర్రర్ కింద లెక్కేస్తుంది. పైగా 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ వీటి విషయంలో బాగా గట్టిగా ఉన్నాయి.

కాబట్టి కొనేముందే అడగండి: డీఎన్‌ఎస్ జోన్ (మన డొమైన్ రికార్డులన్నీ ఉండే చోటు) లాగిన్ నాకు ఇస్తారా? ఇవ్వం అంటే వదిలేయండి. ఉత్త డొమైన్‌కి సీనేమ్ పెడతారా, లేక నేరుగా ఐపీ అడ్రస్ చెప్పే "A" రికార్డు పెడతారా? ఏలియాస్ లేదా సీనేమ్ ఫ్లాటెనింగ్ అంటే పర్లేదు, లోపల వేరే పేరుకి ముడిపెట్టినా బయటికి కనిపించేది ఐపీ అడ్రస్సే. వాళ్ల మాట నమ్మక్కర్లేదు, డిగ్ కానీ ఎన్‌ఎస్‌లుకప్ కానీ, ఈ డీఎన్‌ఎస్ చూపించే కమాండ్లతో మీరే చూసుకోవచ్చు, ఉత్త పేరుకి సీనేమ్ కనిపిస్తే అక్కడే పట్టుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు నేమ్‌సర్వర్లు (ఈ రికార్డులకి జవాబిచ్చే సర్వర్లు) మార్చేముందు ఉన్న రికార్డులన్నీ కాపీ చేసి పెట్టుకోండి, ముఖ్యంగా డీకిమ్‌వి, అంటే మన మెయిల్ మీద ఉండే డిజిటల్ సంతకాన్ని సరిచూసే రికార్డులు. దాని సెలెక్టర్ పేరు (ఆ రికార్డు ఏ పేరు కింద ఉందో చెప్పేది) తెలియకపోతే బయటి నుంచి వెతికి పట్టుకోవడం కష్టం, పాతవాళ్లు జోన్ డిలీట్ చేశాక అడిగి లాభం లేదు.