ధౌలాధార్ కింద కాపురం: ధరమ్‌కోట్ నుంచి అంద్రెట్టా దాకా

బొమ్మలు వేసుకోవడానికో, లాప్‌టాప్ పనికో, రిటైరయ్యాకో హిమాచల్ ప్రదేశ్‌లో ధౌలాధార్ కొండల కిందున్న ధర్మశాల ఊళ్లో నెలల తరబడి ఉండడానికి ఇల్లు చూస్తున్నామంటే, అద్దె కన్నా ముందు అడగాల్సింది ఎత్తు. కొత్వాలీ బజారు ఉన్న కింది ధర్మశాల దాదాపు 1,300 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి పది కిలోమీటర్ల లోపు ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే మెక్లోడ్‌గంజ్ 2,000 దాటుతుంది. దాని నెత్తిన ధరమ్‌కోట్. ఫొటోలన్నీ పైనుంచే వస్తాయి కాబట్టి అందరూ పైనే ఇల్లు వెతుకుతారు. కాపురానికి మాత్రం ఈ కాంగ్రా లోయలో కిందికి దిగేకొద్దీ సుఖం.

ధరమ్‌కోట్, దాని పక్కనున్న పై భాగ్సు ఊళ్లలో చాలా ఇళ్లకు బండి పోదు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రాతి మెట్లే. గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై దాకా తూగుతుంది. దాన్ని ఆ మెట్ల మీద ఎవరో ఒకరు వీపున మోయాలి, ఆ కూలి మీదే. బియ్యం బస్తా, కాన్వాసు చట్రాలు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నీ అంతే. మెట్లు లెక్కపెట్టండి, పగలు కాదు, వాన పడుతున్న రాత్రి టార్చి పట్టుకుని. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్లవాళ్లకు ఇది పది రోజుల మకామే తప్ప ఇల్లు కాదు.

మెక్లోడ్‌గంజ్‌కు బండి పోతుంది, కానీ శని ఆదివారాల్లో పంజాబ్, ఢిల్లీ కార్లతో కదలదు. కింద స్టేడియంలో ఐపీఎల్ ఆట ఉన్నరోజు మరీనూ. 2022 జనవరిలో మొదలైన రోప్‌వే చూడ్డానికి వచ్చినవాళ్లకు మేలు, సామాను మోసుకునేవాళ్లకు కాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజు లెక్కన గది ఇస్తే వచ్చే డబ్బు నెల అద్దెలో రాదు కాబట్టి, అక్టోబరులో తియ్యగా మాట్లాడిన ఓనరు ఏప్రిల్లో ఖాళీ చెయ్యమంటాడు. 11 నెలల అగ్రిమెంటులో సీజన్ నెలలు కూడా కలిపి, అద్దె మార్చనని రాయించుకోవాలి. కిరాయిదారుల వివరాలు పోలీస్ ఠాణాలో ఇవ్వడం కూడా ఓనరు మర్చిపోకుండా మీరే చూసుకోండి.

అసలు పరీక్ష వాన. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల చిల్లర పడితే ధర్మశాలలో 3,000 దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం జులై, ఆగస్టుల్లోనే. మే నెలలో ఇల్లు నచ్చి అడ్వాన్సు ఇవ్వడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. కొండవైపు గోడ దగ్గరున్న బీరువాను జానెడు ముందుకు జరిపి, వెనక అరచెయ్యి ఆనించి చూడండి. చెమ్మగా తగిలినా, నల్లటి చుక్కలు కనపడినా, అక్కడ మాత్రమే కొత్త సున్నం వాసన వచ్చినా ఆ ఇల్లు వద్దు. కొండను తొలిచి కట్టినప్పుడు గోడకూ మట్టికీ మధ్య ఖాళీ, కాలువ వదలకపోతే కొండలో ఇంకిన నీళ్లన్నీ ఆ గోడలోంచే వస్తాయి. లోపల ఏ రంగు వేసినా ఒక్క వానాకాలం ఆగదు. కెమెరా లెన్సులకు బూజు పడుతుంది, కాన్వాసు వదులవుతుంది. గాలి చొరని డబ్బాలు, తేమ లాగే మిషను ఇక్కడ అవసరాలే.

వాగులను ఇక్కడ ఖడ్, నాలా అంటారు. వేసవిలో వెడల్పాటి రాళ్ల గుట్టలా అమాయకంగా కనపడతాయి. 2021 జులై 12న భాగ్సునాగ్ దగ్గర అలాంటి నాలాయే పొంగి కార్లను ఈడ్చుకుపోయింది. వాగు పక్క ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి. ఇది భూకంపాల ముప్పు చాలా ఎక్కువగా ఉన్న చోటు కూడా. 1905 ఏప్రిల్ 4 నాటి కాంగ్రా భూకంపం సుమారు 20,000 మందిని పొట్టన పెట్టుకుంది. వాలు మీద సన్నటి స్తంభాలెత్తి కట్టిన అయిదంతస్తుల మేడలో పై అంతస్తు వ్యూ కోసం ఆశపడకూడదు.

ఈ చుట్టుపక్కల ఉండడానికి మంచి ప్రాంతం సిద్ధ్‌బారి, రక్కర్, సిద్ధ్‌పూర్. 1988లో మొదలైన నోర్బులింకా సంస్థ సిద్ధ్‌పూర్‌లోనే ఉంది. బట్ట మీద వేసే థంకా బౌద్ధ చిత్రాలు, కొయ్య చెక్కడం అక్కడ నేరుగా చూడొచ్చు. దీదీ కాంట్రాక్టర్ అని పేరుపడ్డ ఆర్కిటెక్టు డెలియా మట్టి, వెదురు, రాయి, పలకలతో కట్టిన ఇళ్లు ఈ వైపే ఉన్నాయి. అవి చూసి మట్టి ఇల్లు కావాలనుకుంటే రెండు చూడాలి: గోడ రాతి పునాది మీద నేల నుంచి ఎత్తున మొదలవుతోందా, చూరు బాగా బయటికి వచ్చిందా. పలకల కప్పుకు శత్రువు వాన కన్నా కోతి. ఒక్క పలక జారితే చాలు, నీళ్లు అటకలోకే. సిద్ధ్‌బారిలో చిన్మయ తపోవన్ ఉంది కాబట్టి వేదాంత శ్రవణం కోరే పెద్దలకు తోడు దొరుకుతుంది. టిబెటన్లతో మాట కలపడానికి మనకో దారి ఉంది: వాళ్ల కాలచక్ర అనే బౌద్ధ తంత్ర దీక్షా సంప్రదాయంలో మన అమరావతి దగ్గరి ధాన్యకటకం పెద్ద పేరు, 2006 జనవరిలో దలైలామా ఆ దీక్ష ఇచ్చింది అమరావతిలోనే.

లాప్‌టాప్ పనికైతే బీర్ అనే ఊరు. పారాగ్లైడింగ్ వల్ల కుర్రకారు, కెఫేలు, లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే చోట్లు ఉన్నాయి. జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం నిషేధం, ఊరు సగం మూతపడుతుంది. ప్రశాంతంగా పని చేసుకునేవాళ్లకు అదే మంచి కాలం, కరెంటు, నెట్ నిలబడితే. కొండచరియ పడితే ఫైబరు తెగుతుంది. అందుకే రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రూటర్‌కు చిన్న యూపీఎస్ ఉండాలి. సిగ్నల్‌ను ఇంటి బయట కాదు, పని చేసే గదిలో బల్ల దగ్గర, సాయంత్రం చూడండి.

రిటైరైనవాళ్లకు నా ఓటు పాలంపూర్‌కే. వ్యవసాయ విశ్వవిద్యాలయం, సీఎస్ఐఆర్ వారి హిమాలయ జీవవనరుల సంస్థ, సైనిక స్థావరం ఉన్న ఊరు. టూరిస్టులు వెళ్లిపోయినా మందుల షాపు తెరిచే ఉంటుంది. నడవడానికి టీ తోటలు. పక్కనే అంద్రెట్టా: ఐర్లండ్ నుంచి వచ్చిన నాటక రచయిత్రి నోరా రిచర్డ్స్ మట్టి ఇల్లు, చిత్రకారుడు శోభాసింగ్ గ్యాలరీ, కుండల చక్రం నేర్పే పాటరీ. అంద్రెట్టాలో నేర్చుకుని పాలంపూర్‌లో పడుకోవడం మేలు. పెద్ద జబ్బుకు టాండా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అది ధర్మశాలకు దగ్గర, పాలంపూర్‌కు గంట ప్రయాణం, బీర్‌కు ఇంకా దూరం. అదీ దాటితే చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి, రోడ్డు మీద ఆరు గంటలు. గుండెకు స్టెంటు ఉన్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

స్థలం కొనే ఆలోచన ఉంటే ఇక్కడే ఆగండి. 1972 నాటి హిమాచల్ కౌలు, భూసంస్కరణల చట్టం 118వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రపు వ్యవసాయదారు కానివారికి ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి బదిలీ చెల్లదు. గుంటూరులో పదెకరాలున్న రైతు కూడా అక్కడ రైతు కాడు. దీర్ఘకాల లీజూ, వారసులు కానివారికి రాసే వీలునామా కూడా చాలావరకు ఆ సెక్షన్ కిందికే వస్తాయి. స్థానికుడి పేరు మీద కొందామని బ్రోకరు చెబితే వినకండి, పట్టుబడితే భూమి ప్రభుత్వానికి పోతుంది. మామూలుగా అద్దెకుంటే ఈ గొడవ లేదు.

చలికాలానికి వైరింగు చూసుకోవాలి. 2,000 వాట్ల ఆయిల్ హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గులో అడాప్టరు పెట్టి గుచ్చితే ప్లగ్గు కరుగుతుంది. రెండు హీటర్లు, ఒక గీజరు కలిస్తే 26 ఆంపియర్లు. మీటరుకు ఎంత లోడు మంజూరైందో బిల్లు మీద చూసి, పడకగదిలో 16 ఆంపియర్ల సాకెట్టు ఉన్న ఇల్లే తీసుకోండి.

రాకపోకలకు గగ్గల్ విమానాశ్రయం దగ్గరే కానీ రన్‌వే చిన్నది, మబ్బు పడితే విమానం రాదు. ఢిల్లీలో అదే రోజు హైదరాబాద్ విమానం అందుకునేలా టికెట్టు కొనొద్దు, ఒక రాత్రి మధ్యలో వదలండి. రాత్రి బస్సు ఢిల్లీ నుంచి పది పన్నెండు గంటలు. సామానుతో వచ్చేవాళ్లు విజయవాడ, వరంగల్ మీదుగా వచ్చే అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో పఠాన్‌కోట్ కంటోన్మెంటులో దిగి టాక్సీ మాట్లాడుకోవచ్చు.

బియ్యం మోసుకు రావొద్దు. కాంగ్రావాళ్లు అన్నం తినేవాళ్లే, పెళ్లిలో ధామ్ అనే వాళ్ల విందు కూడా పంక్తిలో కూర్చోబెట్టి ఆకు విస్తట్లో అన్నం మీదే వడ్డిస్తారు. కరివేపాకు లోయలో దానంతటదే మొలుస్తుంది. చింతపండు, మినప గుళ్లు, మెంతులు తెచ్చుకోండి. పప్పుకు ఒకట్రెండు విజిళ్లు ఎక్కువ పడతాయి, 2,000 మీటర్ల దగ్గర నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. జనవరిలో ఇడ్లీ పిండి రాత్రికి పొంగదు. గోరువెచ్చటి నీళ్లున్న పెద్ద గిన్నెలో పిండి గిన్నె పెట్టి, రజాయి కప్పి, మర్నాడు మధ్యాహ్నం దాకా కదపకండి.