గుంటూరులో వర్జీనియా వుల్ఫ్ కలెక్షన్, రీసెర్చ్ చేసేవాళ్ళు తప్పకుండా చూడండి

ఇంగ్లీష్ లిటరేచర్‌లో ఎంఏ గానీ పీహెచ్‌డీ గానీ చేస్తూ గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ గారింట్లో మేడ మీద రెండు గదుల నిండా ఇంగ్లాండ్ రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ మీద కలెక్షన్ ఉంది, ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ పోగుచేసిందే, రిటైరయ్యాక కూడా ఆపలేదు. ముందు ఫోన్ చేసి వెళ్తే చూపిస్తారు, డబ్బులేం తీసుకోరు. పేరు, నంబర్ ఎక్కడా పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు, మీ ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లని అడగండి, తెలిసినవాళ్ళు ఉంటారు.

వుల్ఫ్ అంటే మన దగ్గర సిలబస్‌లో ఉన్న ఒకటి రెండు నవలలు, చైతన్య స్రవంతి (పాత్రల మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్టు రాసే పద్ధతి) అన్న మాట, అంతటితో సరి. పరీక్షకి అది చాలు. ఆవిడ నవలలు రాయకముందు నుంచే పుస్తక సమీక్షలు రాసేదని, మొదటి నవల 1915లో వస్తే లండన్‌లో వచ్చే పుస్తక సమీక్షల పత్రిక టైమ్స్ లిటరరీ సప్లిమెంట్‌కి 1905 నుంచే రాస్తోందని మనకెవరూ క్లాసులో చెప్పరు. ఆ పేపర్లో అప్పట్లో సమీక్షలకి పేరు వేసేవాళ్ళు కాదు, కాబట్టి ఏది ఆవిడ రాసింది, ఏది ఇంకొకరిది అని తేల్చడమే పెద్ద పనైంది. కిర్క్‌పాట్రిక్ అనే ఆవిడ 1957లో వుల్ఫ్ రచనల బిబ్లియోగ్రఫీ, అంటే లిస్టు, వేసింది, వుల్ఫ్ వ్యాసాలన్నీ కలిపి ఆరు సంపుటాలు 1986లో మొదలైతే చివరిది 2011కి గానీ రాలేదు. మేడమ్ గారి కలెక్షన్ మొత్తం వుల్ఫ్‌లోని ఈ విమర్శకురాలి చుట్టూనే ఉంది, నాకు బాగా నచ్చింది అదే.

పుస్తకాలు మంచివే, డైరీలు ఐదు సంపుటాలు, ఉత్తరాలు ఆరు, క్వెంటిన్ బెల్ 1972లో రాసిన జీవితచరిత్ర, హెర్మయనీ లీ 1996లో రాసింది, అన్నీ ఉన్నాయి. కొన్ని మద్రాస్ మూర్ మార్కెట్‌లో కొన్నవట, 1985లో అది కాలిపోకముందు. కానీ మీరు చూడాల్సింది చెప్పుల డబ్బాల్లో ఉన్న కార్డులు. ఒక్కో సమీక్షకి ఒక్కో కార్డు, ఏ తేదీన వచ్చింది, ఏ పుస్తకం మీద, తర్వాత ఏ సంకలనంలో చేరింది, చేరేటప్పుడు ఏం మారింది, ఆ రోజుల్లో డైరీలో ఆ పుస్తకం గురించి ఏమన్నా రాసుకుందా, ఇవన్నీ మేడమ్ చేతిరాతలో. ఉదాహరణకి 1919 ఏప్రిల్ 10న పేరు లేకుండా వచ్చిన మోడర్న్ నావెల్స్ వ్యాసమే మార్పులతో 1925లో మోడర్న్ ఫిక్షన్ అయ్యింది, మనం క్లాసులో చదివేది ఈ రెండోది. ఇక్కడ రెండింటి జిరాక్సులూ పక్కపక్కన పెట్టి మారిన చోటల్లా పెన్సిల్ గీత గీసి ఉంది. ఒక రచయిత తన ఆలోచనని తనే సరిచేసుకోవడం అలా వాక్యం వాక్యం చూస్తుంటే నాకు టైమ్ తెలియలేదండీ, భోజనం సంగతే మర్చిపోయా.

ఇండియాకి సంబంధించినవి విడిగా ఒక అరలో పెట్టారు. వుల్ఫ్ తల్లి జూలియా పుట్టింది కలకత్తాలో, 1846లో. భర్త లెనార్డ్ 1904 నుంచి 1911 దాకా సిలోన్‌లో ఉద్యోగం చేశాడు. ఇద్దరూ 1917లో ఒక చిన్న చేతి ప్రెస్సు కొని ఇంట్లోనే అచ్చు మొదలుపెట్టారు, అదే హోగార్త్ ప్రెస్, ఇంగ్లీష్‌లో నవలలు రాసిన మన ముల్క్ రాజ్ ఆనంద్ కుర్రాడిగా ఉన్నప్పుడు అక్కడ ప్రూఫులు దిద్దాడు, ఢిల్లీ మీద అహ్మద్ అలీ రాసిన నవల 1940లో వేసింది కూడా ఆ ప్రెస్సే. థీసిస్‌కి టాపిక్ దొరక్క తిరిగేవాళ్ళు ఈ అర దగ్గర కూర్చోండి.

ఒరిజినల్ రాతప్రతులు ఉంటాయనుకుని మాత్రం వెళ్ళకండి. అవి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ బెర్గ్ కలెక్షన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో, ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఏది ఎక్కడుందో చెప్పే లిస్టు మేడమ్ దగ్గరుంది, మెయిల్ రాసి అడిగేముందు అది చూసుకుంటే సగం పని తగ్గుతుంది. ఫోన్‌తో పేజీలు ఫొటో తీసుకోనిస్తారు గానీ సంపుటం మొత్తం అంటే ఒప్పుకోరు, అది న్యాయమే. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళ దాకా కాపీరైట్, ఆవిడ పోయింది 1941లో కాబట్టి బతికుండగా వేసిన నవలలకి ఎప్పుడో తీరిపోయింది, ఆ తర్వాత అచ్చయిన డైరీలు, ఉత్తరాలకి అలా కాదు.

ఇబ్బందులు ఉన్నాయి. కేటలాగ్ అంటే చేత్తో రాసిన రిజిస్టర్ ఒక్కటే, మేడమ్ పక్కన లేకపోతే ఏదీ దొరకదు. "ఏమ్మా, ఏం కావాలో అనుకుని వచ్చావా?" అని మొదటే అడుగుతారు, ఊరికే చూద్దామని వచ్చానంటే మొహం చిన్నబుచ్చుకుంటారు, కాబట్టి ఒక ప్రశ్నతో వెళ్ళండి. ఏసీ లేదు, మన ఎండలు తెలిసినవే కదా, వేసవిలో అయితే పొద్దున్నే వెళ్ళండి.

నాకు నిజంగా బాధేసింది రెండో గది చూసి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లి కింది అరల్లో కాగితాలు అట్టలు కట్టాయి, పాత జిరాక్సుల్లో అక్షరాలు వెలిసిపోతున్నాయి. ఒక సంస్థ వాళ్ళొచ్చి పుస్తకాలిస్తే తీసుకుంటాం, ఆ డబ్బాలు మాకొద్దు అన్నారట. ఆ పుస్తకాలు డబ్బు పెడితే రేపైనా కొనుక్కోవచ్చు, ఒక మనిషి ఇన్నేళ్ళు కూర్చుని రాసిన ఆ కార్డులకి రెండో కాపీ ఎక్కడా లేదు. ముందు వాటినే స్కాన్ చేయాలి, మేడమ్ కూడా సరేనన్నారు. స్కానర్ ఉన్నవాళ్ళు, ఆదివారాలు రెండు మూడు గంటలు కూర్చోగలిగినవాళ్ళు కామెంట్‌లో చెప్పండి, వానలు మొదలయ్యేలోపు కింది అర నుంచి మొదలుపెడదాం.