పాత థింక్‌ప్యాడ్ టీ450 మీద లినక్స్ మింట్ 22: లాప్‌టాప్ పాస్, ప్రింటర్‌ను చూసి మాట్లాడాలి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్ట్ అయిపోయింది. ఐదో తరం ఇంటెల్ ప్రాసెసర్‌ను విండోస్ 11 లెక్కలోకే తీసుకోదు. థింక్‌ప్యాడ్ టీ450 సరిగ్గా ఆ బాపతు: 2015 నాటి మోడల్, కోర్ ఐ5-5200యూ లేదా 5300యూ. హన్మకొండ, వరంగల్, కరీంనగర్ సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఇలాంటివి దొరికితే చాలామంది అడిగేది ఒకటే: దీని మీద విండోస్ బదులు లినక్స్ మింట్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే ఇంటి పనికీ, చిన్న జిరాక్స్ సెంటర్ పనికీ సరిపోతుందా? లాప్‌టాప్‌కూ మింట్‌కూ మార్కులు బాగానే వేయొచ్చు. లొల్లి అంతా ప్రింటర్ దగ్గర, అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత ఫైళ్ల దగ్గర వస్తుంది.

కొనేముందు ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న రకం) ఎక్కించుకుని షాపుకే పట్టుకుపోండి. ఐఎస్‌ఓ ఫైల్ మూడు జీబీ లోపే. డౌన్‌లోడ్ అయ్యాక షా256 కోడ్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) సరిచూడండి, సగంలో తెగిన ఫైల్‌తో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే తప్పు లాప్‌టాప్‌ది అనుకుంటారు. ఆన్ చేయగానే ఎఫ్12 కొడితే బూట్ మెనూ వస్తుంది. దానికంటే ముందు ఒకసారి ఎఫ్1 కొట్టి బయాస్‌లోకి (లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) పోండి. అక్కడ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్ పక్కన పెట్టేయండి. ఆ పాస్‌వర్డ్ బోర్డు మీది చిప్‌లో ఉంటుంది, బ్యాటరీ పీకినా పోదు. సెక్యూరిటీ మెనూలో కంప్యూట్రేస్ (పోయిన లాప్‌టాప్‌ను దూరం నుంచి పట్టే ఏర్పాటు) యాక్టివేట్ అయి ఉన్నా వద్దనే చెప్పండి, పాత కంపెనీ తాళం ఇంకా దాని మెడలోనే ఉన్నట్టు.

మింట్ లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే, తెరుచుకున్నాక చూడాల్సినవి రెండు. డిస్క్స్ యాప్‌లో ఎస్ఎస్‌డీ స్మార్ట్ డేటా తెరిస్తే అది ఎన్ని గంటలు నడిచిందో, ఎంత అరిగిందో కనబడుతుంది. పవర్ మేనేజర్‌లో డివైజెస్ ట్యాబ్ తెరిస్తే రెండు బ్యాటరీలు కనబడాలి, టీ450లో లోపల ఒకటి, బయట ఒకటి. ప్రతిదానికీ డిజైన్ కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ పక్కపక్కన ఉంటాయి. లోపలి బ్యాటరీ డిజైన్ 23 వాట్ అవర్లు ఉండి ఇప్పుడు 11 చూపిస్తే సగం సచ్చినట్టే, ఆ సగాన్ని బేరంలో కోయండి. బయటి బ్యాటరీని లాప్‌టాప్ నడుస్తుండగానే పీకి ఇంకోటి పెట్టొచ్చు. కరెంటు పోయినప్పుడు రెండో బయటి బ్యాటరీ చార్జ్ అయి ఉంటే ఇన్వర్టర్ మీద ఆధారపడే పని లేదు.

స్క్రీన్ విషయంలో రాజీ పడొద్దు. 1366×768 ప్యానెల్ మీద తెలుగు చదవడం కళ్లకు శిక్ష: మెనూ సైజులో 'స్త్రీ' అనే అక్షరం కింద తకారం, రకారం వత్తులు రెండూ కలిసి నల్లటి మచ్చ అవుతాయి. 1600×900 ఉన్నది దొరికేదాకా ఆగండి. ర్యామ్ డీడీఆర్3ఎల్, స్లాట్లు రెండు, నాలుగు జీబీతో వచ్చినా ఎనిమిది చేయండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఖాళీగా ఉన్నప్పుడు ఒక జీబీ అటూ ఇటూ తింటుంది, మిగతాదంతా ఫైర్‌ఫాక్స్ ట్యాబులే మింగుతాయి. కింది కవర్ విప్పేముందు బయాస్ పవర్ మెనూలో లోపలి బ్యాటరీని డిసేబుల్ చేయాలి. ఇది మరిచి ర్యామ్ పీకితే బోర్డులో కరెంటు పారుతూనే ఉంటుంది. ఎలాగూ విప్పారు కాబట్టి థర్మల్ పేస్ట్ కూడా మార్చేయండి. పదేళ్ల పేస్ట్ మట్టిలా ఎండిపోయి ఉంటుంది, మే నెల వరంగల్ ఎండలో ఫ్యాన్ విమానంలా అరిచేది అందుకే.

ఇన్‌స్టాల్ గురించి పెద్దగా చెప్పేది లేదు, పావుగంట పని. మింట్ 22కు ఆధారం ఉబుంటు 24.04, అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. టైమ్ జోన్ కోల్‌కతా, కీబోర్డు 'ఇంగ్లీష్, ఇండియా, విత్ రుపీ' పెట్టుకుంటే కుడివైపు ఆల్ట్ పట్టుకుని నాలుగు కొట్టినప్పుడు ₹ పడుతుంది. విండోస్‌ను పక్కన ఉంచుకునేవాళ్లకు మాత్రం రెండు పరేషాన్లు ఉన్నాయి. మొదటిది, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే ఆ డ్రైవ్ మింట్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు, ఎందుకంటే విండోస్ నిజంగా షట్‌డౌన్ కాకుండా సగం నిద్రలో ఉంటుంది. రెండోది గడియారం. లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రమాణ సమయం) అనుకుంటుంది, విండోస్ లోకల్ టైమ్ అనుకుంటుంది. మన దగ్గర తేడా సరిగ్గా ఐదున్నర గంటలు వస్తుంది, బ్రౌజర్ సర్టిఫికెట్ తప్పని మొరాయిస్తుంది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో మింట్‌ను లోకల్ ఆర్‌టీసీకి (హార్డ్‌వేర్ గడియారంలో మన టైమే ఉందనుకునేట్టు) మార్చేస్తే గొడవ తీరుతుంది.

సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ మొదటి రోజే పెట్టుకోండి, కానీ 128 జీబీ ఎస్ఎస్‌డీ మీద రోజువారీ స్నాప్‌షాట్లు రెండు మించి ఉంచొద్దు. డిస్క్ నిండిపోయి లాగిన్ కూడా కాని స్థితి అలానే వస్తుంది. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్‌ను కాపాడుతుంది గానీ మీ ఫోటోలను, కస్టమర్ల ఫైళ్లను కాదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాలి.

ఇగ తెలుగు. ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రమాణ కీబోర్డు లేఅవుట్) నేర్చినవాళ్లకు అదనంగా ఏమీ అక్కర్లేదు. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ ట్యాబ్‌కు పోయి, సిస్టమ్ డిఫాల్ట్స్ టిక్ తీసి, ఇండియా కింద తెలుగు కలిపితే చాలు. డీటీపీ చేతులకు అలవాటైన యాపిల్ లేఅవుట్ కావాలంటే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకోవాలి, అందులో యాపిల్, పోతన, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అన్నీ ఉన్నాయి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఈ రెండు దారులనూ ఒకేసారి ఆన్ చేయడం. ఐబస్ ఇంగ్లీష్ అక్షరాలు తీసుకుని తెలుగు చేస్తుంది. కింద లేఅవుటే తెలుగులో ఉంటే దానికి అందేది అప్పటికే తెలుగు అక్షరం, స్క్రీన్ మీద పడేది అతుకులబొంత. ఐబస్ వాడితే కింది లేఅవుట్ ఇంగ్లీష్‌గానే ఉంచండి.

'సాఫ్ట్‌వేర్' అని కొడితే 'సాఫ్ట్వేర్' అయి వకారం టకారం కింద వేలాడటం ఇంకో చిరాకు. నడుమ కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పడాలి. లిబ్రే ఆఫీస్‌లో ఇంగ్లీష్ లేఅవుట్‌కు వచ్చి 200సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. తెలుగులోనే ఉండి కొడితే ఇన్‌స్క్రిప్ట్‌లో సి మీట దగ్గర 'మ' ఉంటుంది కాబట్టి పని జరగదు.

ఫాంట్లకు ఫాంట్స్-టెలు, ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా, ఫాంట్స్-తెలుగువిజయం మూడు ప్యాకేజీలూ వేస్తే లోహిత్, పోతన, వేమన, మండలి, రామభద్ర, సురన్న, గురజాడ... ఒక సంసారానికి సరిపడా వస్తాయి. బమ్మెర కవి పేరు మన స్క్రీన్ మీద ఫాంట్‌గా వెలగడం బాగానే ఉంటుంది. కానీ ఇన్ని వేశాక బ్రౌజర్‌లో వార్తలన్నీ పెళ్లికార్డు అక్షరాల్లో కనబడొచ్చు. వెబ్‌పేజీ ఏ ఫాంట్ కావాలో చెప్పనప్పుడు సిస్టమ్ తనకు తోచిన తెలుగు ఫాంట్‌ను ఎంచుకుంటుంది, అది అలంకారపు ఫాంట్ కావొచ్చు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్, అడ్వాన్స్‌డ్‌కు పోయి పైన భాష 'తెలుగు' ఎంచి, నోటో సాన్స్ తెలుగు లేదా మండలి పెట్టండి. లిబ్రే ఆఫీస్‌లో లాంగ్వేజెస్ కింద కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాలి. లేకుంటే స్టైల్స్‌లో తెలుగు ఫాంట్ మార్చే గడే కనబడదు. హన్‌స్పెల్-టీఈ వేస్తే స్పెల్ చెక్ వస్తుంది గానీ సమాసాలన్నింటికీ ఎర్రగీత గీస్తుంది, దాన్ని మార్కుల్లో కలపట్లేదు.

ప్రింటర్ దగ్గర ఆగి మాట్లాడాలి. జిరాక్స్ సెంటర్లలో ఎక్కువ కనబడేవి హెచ్‌పీ 1020, హెచ్‌పీ ఎం1005, క్యానన్ ఎల్‌బీపీ2900. మూడూ గట్టి మిషన్లే, మూడూ లినక్స్‌కు మూడు రకాల మనుషులు.

1020కి తన సొంత ఫర్మ్‌వేర్ (మిషన్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) దాచుకునే మెమరీ లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. విండోస్ డ్రైవర్ ఆ పని గుట్టుగా చేస్తుంది. మింట్‌లో హెచ్‌పీలిప్ (లినక్స్‌కు హెచ్‌పీ డ్రైవర్ల మూట) ఉన్నా దాని ప్లగిన్ విడిగా దిగాలి, టెర్మినల్లో హెచ్‌పీ-ప్లగిన్ అని కొడితే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఇది లేకుండా ప్రింట్ ఇస్తే కాగితం బయటికి రాదు. ప్లగిన్ వేశాక కరెంటు పోయి వచ్చినా ప్రింటర్ మేలుకోగానే ఫర్మ్‌వేర్ దానంతటదే పోతుంది. (లేజర్ ప్రింటర్‌ను ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టొద్దు. ఫ్యూజర్ (సిరా పొడిని కాగితానికి అంటించే వేడి భాగం) వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూస్తుంది.)

ఎం1005కీ అదే ప్లగిన్. స్కానింగ్ డాక్యుమెంట్ స్కానర్ యాప్‌తో చక్కగా వస్తుంది. గుర్తుంచుకోవాల్సింది: ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే ఉండాలి. మింట్ పెద్ద వెర్షన్ మారినప్పుడు హెచ్‌పీలిప్ మారుతుంది, ప్లగిన్ పాతది మిగులుతుంది, నిన్నటిదాకా వచ్చిన ప్రింట్ ఈరోజు రాదు. హెచ్‌పీ-ప్లగిన్ మళ్లీ నడిపితే సరి.

ఎల్‌బీపీ2900 మాట్లాడే భాష క్యాప్ట్, అది క్యానన్ సొంతం. క్యానన్ ఇచ్చే లినక్స్ డ్రైవర్ నడుస్తుంది గానీ దాని వెనక సీసీపీడీ అనే డీమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) బతికుండాలి. రీబూట్ అయ్యాక, ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాక అది పడుకుంటే మళ్లీ లేపాలి. ఇంట్లో వారానికి నాలుగు పేజీలకైతే సర్దుకోవచ్చు. కౌంటర్ ముందు పదిమంది హాల్‌టికెట్ల కోసం నిలబడ్డ రోజు ఈ లేపుడు కుదరదు. ఈ ప్రింటర్ మీదే షాపు నడుస్తుంటే మింట్‌కు మారకండి, లేదా ప్రింటర్ మార్చండి. ఎప్సన్ ఎల్ సిరీస్ ఇంక్ ట్యాంక్ ఉన్నవాళ్లకు ఈఎస్‌సీపీఆర్ డ్రైవర్‌తో ఏ తలనొప్పీ లేదు.

ఏ ప్రింటరైనా ప్రాపర్టీస్‌లో పేపర్ 'లెటర్' అని ఉందేమో చూడండి. లెటర్ పొడవు 279 మిల్లీమీటర్లు, ఏ4 297. తేడా వల్ల కింది గీతలు తెగుతాయి, లేదా ప్రింటర్ లైటు ఆర్పుతూ వెలిగిస్తూ వేరే కాగితం కోసం ఎదురుచూస్తుంది. డ్రైవర్ చెడిపోయిందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేది ఎక్కువగా ఈ ఒక్క గడి వల్లే.

పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మీద పెళ్లికార్డులు, కరపత్రాలు చేసే సెంటర్లకు ఈ కాంబినేషన్ వద్దు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే ఉండే అక్షర కోడ్) కావు, ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఫాంట్ లేకుండా ఆ ఫైల్ తెరిస్తే పిచ్చి గుర్తులే కనబడతాయి, కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మార్చినా వత్తులు, సున్నాలు ఒకసారి కంటితో దిద్దుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం స్క్రైబస్ 1.6 బాగుంది: తెలుగు వత్తులను సరిగా కూర్చుతుంది, ప్రెస్‌కు కావాల్సిన నాలుగు రంగుల సీఎంవైకే పీడీఎఫ్ ఇస్తుంది. వేలిముద్ర మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మీద పనిచేసేవాళ్లు ముందు ఆ డివైజ్ అమ్మినవాళ్లనే లినక్స్ డ్రైవర్ ఉందా అని అడగండి, జవాబు రాకుండా డబ్బు కట్టొద్దు.

లాప్‌టాప్ ఎప్పుడూ చార్జర్ మీదే ఉండే షాపుల్లో టీఎల్‌పీ (బ్యాటరీని చూసుకునే ప్రోగ్రామ్) వేసి చార్జింగ్ 75 శాతం దగ్గర మొదలై 80 దగ్గర ఆగేట్టు పెట్టండి. థింక్‌ప్యాడ్‌లలో ఇది కెర్నల్ నుంచే పనిచేస్తుంది, రెండు బ్యాటరీలకూ విడివిడిగా పెట్టాలి. కరెంటు వాడకాన్ని చూసుకునే పవర్ ప్రొఫైల్స్ డీమన్, టీఎల్‌పీ రెండూ ఒకేచోట ఇమడవు, ఒకదాన్నే ఉంచండి. ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌ను మింట్ ఏ డ్రైవర్ లేకుండా అందుకుంటుంది, వైఫై ఇంటెల్ కార్డు కాబట్టి లైవ్‌లోనే పట్టేస్తుంది.

ప్రొజెక్టర్, టీవీ అవసరం ఉన్నవాళ్లకు ఒక మాట: టీ450కి హెచ్‌డీఎంఐ లేదు. ఉన్నవి వీజీఏ, మినీ డిస్‌ప్లేపోర్ట్. మామూలు మినీ డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ అడాప్టర్‌తో ఫుల్ హెచ్‌డీ వస్తుంది. దాన్ని బేరంలోనే అడిగి తీసుకోండి, కేబుల్ పెట్టి టీవీలో బొమ్మ, శబ్దం రెండూ వచ్చాకే డబ్బులు ఇవ్వండి.